అమ్మమ్మ చుట్టూ తిరిగిన జామచెట్టు

"చెట్టుకేమైందిరా? గాలివానొచ్చినట్టు అలా తిరిగిపోతోందేంటి?"

లాప్‌టాప్‌లో తన ఫొటో చూడగానే అమ్మమ్మ అన్న మాట ఇది. ముఖం గురించి ఒక్క ముక్క లేదు, అంతా చెట్టు గురించే. ఫొటోలో ఆవిడ పెరటి అరుగు మీద కూర్చుంది. ముక్కుపుడక మీద పొద్దుటి వెలుగు పడింది. వెనక పదడుగుల దూరంలో ఉన్న జామచెట్టు మాత్రం చెట్టులా లేదు. ఆకులన్నీ ఆవిడ తల చుట్టూ కవ్వం పెట్టి చిలికిన మజ్జిగలా సుడి తిరిగాయి. నిజానికి ఆ పూట ఆకు కదల్లేదు. మే నెల, కోనసీమ, ఉదయం ఏడింటికే ఉక్కపోత.

ఆ సుడి గాలిది కాదు, గాజుది. మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లో ఎప్పుడో తయారైన హీలియోస్ అనే లెన్సుది. దాన్ని నా డిజిటల్ కెమెరాకు తగిలించి తీశాను. బ్యాగులో ఇంకో మూడున్నాయి: జూపిటర్-9, నిక్కార్ 105, సూపర్ టకుమార్. కొత్త కెమెరా ఒకటి, పాత లెన్సులు నాలుగు, ఎనభై రెండేళ్ల ముఖం ఒకటి. సెలవుల్లో వారం పాటు మా పెరట్లో సాగిన తంతు ఇదే. "ఇన్ని గొట్టాలెందుకురా, ఫోన్లో నొక్కితే రాదా?" అని మావయ్య రోజుకు రెండుసార్లయినా అన్నాడు.

వస్తుంది. నా దగ్గరున్న కొత్త 85 మి.మీ. లెన్సుతో ఇంకా బాగా వస్తుంది. ఆ బాగా రావడంతోనే చిక్కు. సంక్రాంతికి దాంతో తీసిన అమ్మమ్మ ఫొటోలో బుగ్గ మీది ప్రతి ముడతనీ, మెడ మీది ప్రతి పులిపిరినీ లెక్కపెట్టుకోవచ్చు. చర్మం డాక్టరుకు వాట్సాప్‌లో పంపడానికి తీసినట్టుంది. ఇక ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ సంగతి: వెనకనున్నదాన్ని అది లెక్కలు కట్టి మసక చేస్తుంది. ముడిలోంచి ఎగిరిన తెల్ల వెంట్రుకల దగ్గరికొచ్చేసరికి దాని లెక్క తప్పుతుంది. అమ్మమ్మ వెంట్రుకల్లో సగం గోడలో కలిసిపోయాయి.

ఈ పాత లెన్సులు కొత్త కెమెరాకు ఎలా పడతాయని చాలామంది అడుగుతుంటారు. ఈ లెన్సులు పుట్టిన రీలు కెమెరాల్లో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఒక అద్దం పైకీ కిందకీ ఆడేది. ఆ అద్దానికి చోటు కావాలి కాబట్టి లెన్సును దూరంగా బిగించేవారు. 42 మి.మీ. మరచుట్ల లెన్సులకు ఆ దూరం 45.46 మి.మీ., నికాన్‌కు 46.5 మి.మీ. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలో అద్దం లేదు. సోనీ ఫుల్‌ఫ్రేమ్‌లో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. మిగిలిన ఖాళీని పూరించే బోలు గొట్టం పేరే అడాప్టర్. అందులో గాజు లేదు, వైరు లేదు. అందుకే లెన్సు వచ్చి కూర్చుందన్న సంగతి కూడా కెమెరాకు తెలియదు. లెన్సు లేకున్నా షట్టర్ నొక్కనివ్వమని మెనూలోకి వెళ్లి చెప్పాలి. చెయ్యి వణుకును సర్దే ఏర్పాటుకు లెన్సు 58దో 105దో అంకె మనమే వేసివ్వాలి. ఫోకస్ చేతితోనే. వ్యూఫైండర్‌లో కన్ను ఒక్కటీ తెరంతా నిండేలా పెద్దది చేసుకుని, రెప్ప వెంట్రుకలు తేలేదాకా రింగు తిప్పుతూ పోవాలి. 85 లెన్సు పూర్తిగా తెరిచి ఐదడుగుల నుంచి తీస్తే, స్పష్టంగా ఉండే మందం ముందూ వెనకా కలిపి మూడున్నర సెంటీమీటర్లే. అమ్మమ్మ వక్క నములుతూ తల ఊపిందంటే కన్ను అందులోంచి జారిపోయినట్టే. తీసినవాటిలో మూడో వంతు అలాగే పోయాయి.

పోలిక అన్నాక పద్ధతి ఉండాలిగా. అదే అరుగు, అదే వేళ, కెమెరా స్టాండు మీద, రంగుల సెట్టింగు పగటి వెలుగుకు కట్టేసి, ఫ్రేములో ముఖం ఒకే పరిమాణంలో ఉండేలా స్టాండు జరుపుకుంటూ తీశాను. తల, భుజాలు పట్టాలంటే 50 లెన్సుతో మూడడుగుల్లోకి వెళ్లాలి. 85తో ఐదడుగులు చాలు, 105తో ఆరు. ముఖాలకు 85, 105 లెన్సులే ఎందుకని అడిగితే జవాబు ఆ అడుగుల్లో ఉంది. మూడడుగుల నుంచి చూస్తే చెవులకన్నా ముక్కు బాగా దగ్గర, అందుకే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఆరడుగుల నుంచి చూస్తే ఆ తేడా సర్దుకుంటుంది. ఎదురు అరుగు మీద కూర్చున్న మనిషిని మనం రోజూ చూసే దూరం ఇంచుమించు అదే.

హీలియోస్ 44-2 గురించి చెప్పాలంటే విశాలాంధ్ర పుస్తకాల కొట్లో సోవియట్ రాదుగ ప్రచురణలు కొన్న తరానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. సోవియట్ సరుకు అంటే ఓ లెక్క: చవక, బరువు, చావదు. 1965లో మొదలై లక్షల్లో తయారైన జెనిట్-ఇ కెమెరాలతో పాటు ఈ 58 మి.మీ. ఎఫ్ 2 లెన్సు ప్రపంచమంతా పాకింది. అందుకే నేటికీ దొరుకుతోంది. దీని మూలం జర్మనీలోని యేనా నగరంలో ఉంది. కార్ల్ జైస్ కంపెనీలో విల్లీ మెర్టే గీసిన బయోటార్‌కు ఇది నకలు. ఆరు గాజులు, నాలుగు గుంపులు. ముందు రెండు రింగులుంటాయి. ఒకటి రంధ్రాన్ని ఎంతవరకు మూయాలో (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) ముందే నిర్ణయిస్తుంది. రెండోది టకటకమనకుండా, నెయ్యిలో చెంచా తిప్పినంత మెత్తగా, ఆ రంధ్రం చుట్టూ ఉన్న లోహపు ఆకులను తెరిచి మూస్తుంది.

మరి సుడి ఎలా వస్తుంది? లెన్సు గొట్టంలోకి ఏటవాలుగా వచ్చే వెలుగు ముందు అంచు దగ్గర కొంత, వెనక అంచు దగ్గర కొంత తెగిపోతుంది. ఫ్రేము మధ్యలో గుండ్రంగా ఉన్న వెలుగు చుక్క, పక్కలకు పోయేకొద్దీ బాదంపప్పులా సన్నబడుతుంది. ఆ బాదంపప్పులన్నీ నడిమధ్య చుట్టూ వరస కడతాయి. ఈ లెన్సు అంచుల్లో గీతలను ఒక దిక్కుకు సాగదీసే మరో లోపం కూడా ఉంది కాబట్టి ఆ వరస సుడిలా కనబడుతుంది. సుడి కావాలంటే లెన్సు పూర్తిగా తెరవాలి, మనిషి దగ్గరగా ఉండాలి, వెనక కొన్ని గజాల దూరంలో ఆకుల సందుల్లోంచి ఎండ పడాలి. సున్నం గోడ ముందు తీస్తే ఇది మామూలు లెన్సే. ఎఫ్ 4కు మూస్తే సుడి అక్కడితో సరి. చిన్న సెన్సరున్న కెమెరాకు తగిలిస్తే అంచులు కత్తిరింపులో పోతాయి, సుడి కూడా వాటితోనే పోతుంది. అది తెలియక కొని, "నాది నకిలీది" అని గొడవపడ్డవాళ్లను చూశాను.

ఈ సుడికి తాతముత్తాతలున్నారు. 1839లో డాగెరియోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతి బయటికొచ్చినప్పుడు దానితో వచ్చిన లెన్సు ఎంత చీకటిదంటే, మనిషి ఎండలో నిమిషాల తరబడి బొమ్మలా కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. వియన్నా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే జోసెఫ్ పెట్స్‌వాల్ మరుసటి ఏడు 1840కల్లా లెక్కలు కట్టి ఓ కొత్త లెన్సు గీశాడు. అప్పటిదాకా లెన్సు తయారీ అంటే అరగదీయడం, పెట్టి చూడడం, మళ్లీ అరగదీయడం. ఈయన కాగితం మీద తేల్చాడు. ఆ లెక్కల చాకిరీకి ఆస్ట్రియా సైన్యం ఫిరంగి దళంలో కూడికలు, గుణకారాలు బాగా వచ్చిన వాళ్లను సాయం పంపారు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కకట్టేవాళ్లు, వెలుగు ఎక్కడ పడుతుందో లెక్కకట్టారన్నమాట. ఫలితంగా వెలుగు ఇంచుమించు పదహారు రెట్లు పెరిగింది. కూర్చునే కాలం నిమిషాల నుంచి సెకన్లలోకి దిగింది. ఊరూరా ముఖచిత్రాల స్టూడియోలు వెలిశాయంటే దాని చలవే. ఫోయిట్‌లాండర్ కంపెనీ తయారుచేసి అమ్మింది. పెట్స్‌వాల్‌కు ఒక్కసారి కొంత సొమ్ము ఇచ్చి ఊరుకుంది. తర్వాత ఇద్దరికీ చెడింది. చివరికి కంపెనీ వియన్నా వదిలి జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్యాక్టరీ పెట్టుకుంది.

పెట్స్‌వాల్ లెన్సులో నడిమధ్య మహా స్పష్టం. అంచులు మాత్రం సుడి. ఆనాడు ఎవరూ దాన్ని అందం అనలేదు, తప్పదు కాబట్టి భరించారు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863 చివర్లో కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చారు. దాని లెన్సు ఈ జాతిదే. ఆవిడ తీసిన ముఖాలు మసకగా ఉన్నాయని ఆనాటి విమర్శకులు దుమ్మెత్తిపోశారు. ఫోకస్ చేస్తూ చేస్తూ కంటికి అందంగా కనిపించిన చోటే ఆగిపోయేదాన్నని ఆవిడ తర్వాత రాసుకుంది. లోపాన్ని తెలిసి వాడుకోవడం ఆవిడతో మొదలైందని నా అభిప్రాయం.

మన దగ్గర దారి వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో విడిగా జెనానా స్టూడియో పెట్టి, ఫొటోలు తీయడానికి ఓ ఇంగ్లీషు మహిళను నియమించారు. ఆ కాలపు స్టూడియో చిత్రాల్లో కుర్చీ చెక్కడం, వెనక తెర, కాలికింది తివాచీ అన్నీ మనిషితో సమానంగా లెక్కలోకొస్తాయి. ఆ అలవాటే మన ఊళ్ల స్టూడియోలకూ దిగింది. రంగులేసిన పరదా మీద తాజ్‌మహలు, పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ పువ్వుల కూజా. డబ్బిచ్చి తీయించుకున్నవాడికి తాజ్‌మహలు మసకగా వస్తే ఊరుకుంటాడా? ఈ సంగతి నాకు ఆరో రోజు సాయంత్రం దాకా తట్టలేదు.

జూపిటర్-9 దగ్గరికొస్తాను, నాలుగింటిలో నాకు ఇష్టమైనది అదే కనక. 85 మి.మీ., ఎఫ్ 2. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలోని జైస్ నుంచి యంత్రాలు, డ్రాయింగులు, గాజు నష్టపరిహారం కింద సోవియట్ యూనియన్‌కు తరలిపోయాయి. వాటితో పాటు వెళ్లినదే సోనార్ అనే డిజైను. 1930ల్లో దాన్ని గీసినవాడు లుడ్విగ్ బెర్టెలే. గాజుకు పూత వేసే విద్య ఇంకా రాని రోజులవి. గాలికీ గాజుకూ హద్దు ఉన్న ప్రతిచోటా నూటికి నాలుగైదు వంతుల వెలుగు వెనక్కి తిరిగి పోయేది. బెర్టెలే ఏడు గాజులను మూడు గుంపులుగా అంటించేశాడు. హద్దులు ఆరే మిగిలాయి. దాంతో నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా నిలిచాయి.

దీన్ని పూర్తిగా తెరిచి తీస్తే ముఖం స్పష్టంగానే ఉంటుంది, కానీ దాని మీద పల్చని వెలుగు పొర ఒకటి పరుచుకుంటుంది. పాలకాగితం కాదు, తెల్లవారుజాము మంచు కాదు. తలంటుకుని సాంబ్రాణి పొగ వేసుకున్న జుట్టులోంచి ముఖం చూసినట్టుంటుంది. లెన్సు అంచుల్లోంచి వచ్చే కిరణాలు నడిమి కిరణాలు కలిసే చోట కలవకపోవడం దీనికి కారణం. అమ్మమ్మ ముడతలు పోలేదు. అవి ఉన్న చోటే ఉన్నాయి, వాటి పదును మాత్రం తగ్గింది. కంటి కింద నీడలో కొత్త లెన్సు చూపించని మెత్తదనం కనబడింది. ఆకులు పదిహేను కాబట్టి కొంచెం మూసినా రంధ్రం గుండ్రంగానే ఉంటుంది. ఎఫ్ 2.8కు మూస్తే ఆ పొర తొలగి లెన్సు గంభీరంగా మారిపోతుంది. ఒక లెన్సు కొంటే రెండొచ్చినట్టు. సూర్యుడు ఎదురుగా ఉంటే మాత్రం చేతులెత్తేస్తుంది. ఫొటో అంతా తెల్లగా కడిగేసినట్టవుతుంది. రెండో రోజు అరచెయ్యి అడ్డం పెట్టి తీస్తే నా వేళ్లు కూడా పడ్డాయి.

నిక్కార్ 105 ఎఫ్ 2.5 గురించి చెప్పడానికి అట్టే లేదు, ఎందుకంటే దానితో తకరారు లేదు. ఇదీ మొదట సోనార్ వంశమే. 1971లో డిజైను మార్చి ఐదు గాజులు, నాలుగు గుంపులుండే గాస్ అనే పద్ధతికి వచ్చారు. నా దగ్గరున్నది ఆ తర్వాతిది. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకర్రీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలిక ఫొటో, మరుసటి జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైనది, ఈ రకం లెన్సుతోనే తీశారు. పూర్తిగా తెరిచినా కన్ను కత్తిలా వస్తుంది, వెనక మెత్తగా కరుగుతుంది. వంక పెట్టలేం. పెళ్లి ఫొటోలు తీసి బతికేవాడు నన్నడిగితే ఇదే కొనమంటాను. నాకు నచ్చినది అడిగితే మాత్రం జూపిటర్. లెన్సులను పోల్చడమంటే వాటి లోపాలను పోల్చడమే. లోపమే లేనిదాన్ని దేంతో పోల్చను?

(నురగ బుడగల్లాంటి వెలుగు చుక్కలకు పేరుపడ్డ మేయర్ ట్రయోప్లాన్ 100 లేదేమని అడిగేవాళ్లకు: మూడే గాజులున్న లెన్సుకు ఇప్పుడు పలుకుతున్న ధర చూసి దణ్ణం పెట్టాను.)

కొనేవాళ్లకు ఒక్క మాట. నా మొదటి జూపిటర్‌ను ఆన్‌లైన్‌లో ఒకాయన "మచ్చ లేనిది" అని అమ్మాడు. సెల్ టార్చి వేసి వెనక నుంచి చూస్తే లోపల సాలెగూడు. ఫంగస్. మన కోస్తా తేమలో అది పుట్టగొడుగుల్లా పెరుగుతుంది, గాజు మీది పూతనే తినేస్తుంది. తోలు సంచిలో, బీరువాలో చీరల మధ్య దాచిన లెన్సులకే ఎక్కువ. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలి, వాటిని అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టుకోవాలి. కొనేముందు టార్చి వెయ్యండి. రింగు తిరుగుతోందా, ఆకుల మీద నూనె ఉందా చూడండి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో చేతికిచ్చి చూసుకోనిచ్చే కొట్లో కొనడం వేరు, ఫొటో చూసి కొనడం వేరు.

చివరిది టకుమార్. 50 మి.మీ., ఎఫ్ 1.4, జపాన్ అసాహి వాళ్లది. చేతిలో పట్టుకుంటే నగలా ఉంటుంది. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే మాత్రం టీ డికాక్షన్ పోసినట్టు పసుపు. వెలుగును బాగా వంచడానికి ఆ రోజుల్లో గాజులో థోరియం కలిపేవారు. మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలోని మోనజైట్‌లో ఉండేదీ ఇదే. థోరియం వెలువరించే స్వల్ప రేడియేషన్‌కు ఏళ్ల తరబడి గాజే పచ్చబడుతుంది. వాడేవాడికి భయమేమీ లేదు, గాజును పగలగొట్టి అరగదీయకపోతే చాలు. ఆ పసుపుకు మందు ఎండే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు గాజు మెల్లగా తేరుకుంటుంది.

మొదటి రోజు దాంతో కొన్ని తీసేసి, రెండో రోజు డాబా మీద మినప వడియాల చాప పక్కన పెట్టాను, వెనక వెండి రేకు చుట్టి. రేకు లేకపోతే అది భూతద్దమై చాపకే నిప్పంటుకోగలదు.

"ఎండబెడితే గాజు బాగుపడుద్దా?"

"పడుద్ది అమ్మమ్మా."

"వడియాలకి మూడెండలు. దీనికెన్ని?"

పదో పన్నెండో అన్నాను. కాకులు రాకుండా చూసే బాధ్యత ఆవిడే తీసుకుంది.

ఆరో రోజు సాయంత్రం ఫొటోలన్నీ లాప్‌టాప్‌లో వరస పెట్టాను, పేర్లు తీసేసి. ముందు నన్ను నేనే పరీక్షించుకున్నాను. పూర్తిగా తెరిచి తీసినవి ఏవి దేనివో ఇట్టే చెప్పాను. ఎఫ్ 8వి పెట్టుకునేసరికి జూపిటర్‌కీ నిక్కార్‌కీ తేడా చెప్పలేక రెండుసార్లు తప్పాను. దశాబ్దాల వంశచరిత్రలన్నీ ఎఫ్ 8 దగ్గర ఒకటైపోయాయి. పాత లెన్సు కొని మూసి వాడేవాడు ఊరికే బరువు మోస్తున్నట్టే.

తర్వాత అమ్మమ్మను పిలిచాను. జూపిటర్ ఫొటో దగ్గర ఆగుతుందని నా ఆశ. ఆగలేదు. సుడి దగ్గర నవ్వింది. నిక్కార్ ఫొటో చూసి "బానే ఉందిలే" అంది. వేలు పెట్టి ఆపింది ఎక్కడంటే, మొదటి రోజు వెలుగు సరిచూసుకోవడానికి పదడుగులు వెనక్కి జరిగి టకుమార్‌తో ఎఫ్ 11లో తీసిన దాని దగ్గర. పోలికలో లేని ఫొటో, పొరపాటున వరసలోకొచ్చింది. అందులో అరుగుంది, ఆకు ఆకూ లెక్కకొచ్చే జామచెట్టుంది, నుయ్యి గట్టు మీద నీలం బకెట్టుంది, వీటన్నిటి మధ్య ఆవిడుంది. ఫొటో అంతా పల్చగా పసుపు.

"ఇదిరా ఫొటో. చెట్టు చెట్టులా ఉంది. మీ తాతయ్య పాతిన చెట్టది, అలా చిలికేస్తే ఎలా?"

"రంగు పచ్చగా వచ్చిందమ్మమ్మా, సరిచేస్తాను."

"ఎందుకూ? పసుపు రాసుకున్నట్టు బాగానే ఉందిగా."

అని లేచి, డాబా మెట్ల వైపు చూసింది.

"ఆ గొట్టం ఇంకా ఎండలోనే ఉందా? ఎండలు చాల్లే, కిందికి తెచ్చెయ్. ఉన్న పసుపంతా పోతుంది."